రంగులు అక్కడ, రికార్డు ఇక్కడ: సౌర తుఫానుల మీద ఒక ప్రసంగం

(జనవిజ్ఞాన సదస్సులో ఉపాధ్యాయులు, కాలేజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి రాతరూపం. చివర్లో వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటిని కూడా ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకు వినపడుతోందా? ఫ్యాన్ల చప్పుడు కాస్త ఎక్కువగా ఉంది, నేనే గొంతు పెంచుతాను.

2024 మే 10, శుక్రవారం. ఆ రాత్రి అమెరికాలో, యూరప్‌లో ఆకాశం గులాబీ, ఆకుపచ్చ, ఊదా రంగుల్లో వెలిగింది. అలాస్కాలోనో నార్వేలోనో వెలిగితే ఎవరూ ఆశ్చర్యపోరు, అక్కడది మామూలే. కానీ ఆ రోజు టెక్సాస్‌లో కనపడింది, ఫ్లోరిడాలో కనపడింది. డల్లాస్‌లో ఉన్న మేనల్లుడో, అట్లాంటాలో ఉన్న కూతురో పంపిన ఫొటోలు ఈ హాల్లో సగం మంది ఫోన్లలో ఉండే ఉంటాయి. ఆ ఫొటోల వెంట వచ్చే ప్రశ్న కూడా నాకు తెలుసు. “మరి మనకెందుకు కనపడలేదండీ?”

చెబుతాను. కానీ అంతకంటే ముందు ఒక మాట. ఆ రంగుల వెలుగు, అంటే ధ్రువకాంతి (అరోరా), మనకు కనపడకపోవచ్చు గానీ, దాన్ని వెలిగించిన తుఫాను మాత్రం మన నెత్తి మీదికీ వచ్చింది. ఎప్పుడూ వస్తుంది. పైగా మనిషి ఎరిగిన వాటిలో అతి పెద్దదిగా చెప్పుకునే సౌర తుఫానుకు నికరమైన కొలత దొరికింది లండన్‌లో కాదు, న్యూయార్క్‌లో కాదు. మన బొంబాయిలో. అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

1859 సెప్టెంబరు 1. ఇంగ్లండ్‌లోని రెడ్‌హిల్ అనే ఊళ్లో రిచర్డ్ క్యారింగ్టన్ అనే ఆయన తన సొంత అబ్జర్వేటరీలో సూర్యమచ్చల బొమ్మ గీసుకుంటున్నాడు. బీరు తయారుచేసే వ్యాపార కుటుంబం, డబ్బుకు లోటు లేదు, పిచ్చంతా ఆకాశం మీద. టెలిస్కోపు నుంచి వచ్చే సూర్యబింబాన్ని తెర మీద పడేలా చేసి, మచ్చ ఎక్కడుందో చూసి గీయడం ఆయన రోజువారీ పని. ఉదయం 11 గంటల 18 నిమిషాలకు ఒక పెద్ద మచ్చల గుంపు మీద రెండు చోట్ల తెల్లటి వెలుగు భగ్గుమంది. ముందు తన పరికరంలోనే ఎక్కడో కంత పడి బయటి వెలుతురు దూరుతోందనుకున్నాడు. టెలిస్కోపు కదిపి చూశాడు, వెలుగు మచ్చలతో పాటే కదిలింది. ఎవరినైనా సాక్షిగా పిలుద్దామని పరుగెత్తాడు. నిమిషంలోపే తిరిగొచ్చాడు గానీ అప్పటికే అది చాలావరకు తగ్గిపోయింది. మొత్తం అయిదు నిమిషాల వ్యవహారం. అదృష్టం ఏమిటంటే, హాడ్జ్‌సన్ అనే ఇంకొకాయన వేరే చోటి నుంచి అదే సమయంలో అదే వెలుగును చూశాడు. లేకపోతే క్యారింగ్టన్ మాట ఎంతమంది నమ్మేవారో చెప్పలేం.

ఆ తర్వాత సుమారు పదిహేడున్నర గంటలకు భూమి మీద గందరగోళం మొదలైంది. క్యూబాలో, హవాయిలో ధ్రువకాంతి కనపడింది. టెలిగ్రాఫ్ తీగల్లో దానంతటదే కరెంటు పుట్టింది. కొన్ని ఆఫీసుల్లో కాగితాలు అంటుకున్నాయి. బోస్టన్ ఆపరేటర్, పోర్ట్‌లాండ్ ఆపరేటర్ ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చి తమ బ్యాటరీలు తీసేశారు. తీసేసి, ఆకాశం ఇచ్చిన కరెంటుతోనే వార్తలు పంపుకున్నారు. పైగా బ్యాటరీలు ఉన్నప్పటికంటే ఇప్పుడే బాగా అందుతోందని చెప్పుకున్నారు! (నవ్వులు)

ఆ సమయంలో బొంబాయిలోని కొలాబా అబ్జర్వేటరీలో అయస్కాంత సూచికను మనుషులు కళ్లతో చూసి, స్కేలు మీద లెక్క చదివి, పుస్తకంలో రాసేవారు. మామూలు రోజుల్లో గంటకోసారి. సూచిక అల్లల్లాడుతోందంటే ఇంకా తొందర తొందరగా. లండన్ దగ్గరి క్యూ అబ్జర్వేటరీలో అప్పటికే ఆధునికమైన ఏర్పాటు ఉంది, ఫొటో కాగితం మీద వెలుతురు చుక్క గీత గీసుకుంటూ పోతుంది. తీరా అసలు తుఫాను వచ్చేసరికి ఆ చుక్క కాగితం అంచు దాటి బయటికి పోయింది, కొలత దొరకలేదు. బొంబాయిలో మనిషి కూర్చుని చదువుతున్నాడు కాబట్టి దొరికింది. సెప్టెంబరు 2 పగటిపూట అక్కడ భూమి అయస్కాంత బలం, అంటే దాని అడ్డం భాగం, దాదాపు 1600 నానోటెస్లాలు (అయస్కాంత బలాన్ని కొలిచే యూనిట్) పడిపోయింది. 2024 మేలో ప్రపంచమంతా ఫొటోలు తీసుకుందే, ఆ తుఫానులో ప్రపంచ సగటు పతనం 400 చిల్లర. బొంబాయి లెక్క ఒక్క చోటిది, ఈ రెంటినీ నేరుగా తూచకూడదు, ఆ సంగతి ఇక్కడున్న ఫిజిక్సు వాళ్లకు తెలుసు. అయినా తేడా ఏపాటిదో అర్థమవుతుంది కదా.

ఆ పుస్తకాలు నూటనలభై ఏళ్లకు పైగా ఉన్నాయి. 2003లో అమెరికా శాస్త్రవేత్త బ్రూస్ సురుటాని, మన భారతీయ భూఅయస్కాంత సంస్థకు చెందిన గురుబక్ష్ లాఖినా, శోభన అలెక్స్ తదితరులు ఆ అంకెలను తీసి లెక్కగట్టి ప్రచురించారు. ఇవాళ ప్రపంచంలో ఏ దేశమైనా “మళ్లీ అంతటి తుఫాను వస్తే మా కరెంటు లైన్ల గతి ఏమిటి” అని లెక్క వేసుకుంటోందంటే, ఆ లెక్కలో కొలాబా అంకె ఉంటుంది. ఆ రోజు ఆ స్కేలు చదివిన మనిషికి తాను ఏం రాస్తున్నాడో తెలిసే అవకాశమే లేదు. డ్యూటీ కాబట్టి రాశాడు.

తర్వాత బొంబాయికి కరెంటు ట్రాములు వస్తాయన్నారు. ట్రాము కరెంటు కొలతలను పాడుచేస్తుందని కొలాబా అబ్జర్వేటరీ డైరెక్టర్ నానాభాయ్ మూస్ పూనుకుని, 1904లో అయస్కాంత కేంద్రాన్ని సముద్రం అవతల అలీబాగ్‌కు మార్పించారు. ఇప్పటికీ అక్కడే నడుస్తోంది. మన హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వారి అయస్కాంత కేంద్రం 1964 నుంచి ఉంది. ఊరు పెరిగేకొద్దీ అక్కడా అదే ఇబ్బంది. అందుకే ఇప్పుడు చౌటుప్పల్‌లోనూ ఒక కేంద్రం ఉంది. విజయవాడ హైవే మీద పోతూ చౌటుప్పల్ దగ్గర టీ తాగినవాళ్లు ఎంతమందో, సూర్యుడి తుఫానును తూచే పరికరం ఆ పక్కనే ఉందని తెలిసినవాళ్లు ఎంతమందో! (నవ్వులు)

సరే, ఇప్పుడు సూర్యుడి దగ్గరికి వెళదాం.

సూర్యుడు గట్టి గోళం కాదు. ప్లాస్మా, అంటే ఎలక్ట్రాన్లు విడివడిపోయిన వేడి వాయువు. గట్టిగా లేదు కాబట్టి అన్ని చోట్లా ఒకే వేగంతో తిరగదు. నడుము భాగం సుమారు 25 రోజులకు ఒక చుట్టు తిరిగితే, ధ్రువాల దగ్గర ఇంకో పది రోజుల దాకా ఎక్కువ పడుతుంది. ప్లాస్మాతో పాటు అయస్కాంత రేఖలు కూడా ఈడ్చుకుపోతాయి. నడుము ముందుకు, తలా కాళ్లూ వెనక్కు. ఏళ్ల తరబడి అలా లాగి లాగి రేఖలు మెలికలు పడతాయి, కొన్ని మెలికలు పైకి పొడుచుకొస్తాయి. అవి పైకొచ్చిన చోట లోపలి వేడి సరిగ్గా పైకి రాలేదు, అందుకే చుట్టుపక్కల కంటే నల్లగా కనపడుతుంది. అదే సూర్యమచ్చ. మచ్చల్లో అయస్కాంతం ఉందని 1908లో జార్జ్ ఎలరీ హేల్ రుజువు చేశాడు. మచ్చలు పెరగడం, తగ్గడం సుమారు 11 ఏళ్ల చక్రం. ఇదంతా మీ పాఠాల్లో ఉన్నదే, ఇక్కడ ఆగను.

మెలికపడ్డ రేఖలు తెగి, వేరే విధంగా అతుక్కున్నప్పుడు దాచుకున్న శక్తి ఒక్కసారిగా బయటపడుతుంది. అందులో రెండు రకాలు చూడాలి. ఒకటి జ్వాల, ఫ్లేర్ అంటాం. అది వెలుగు, ఎక్స్‌రేలు. ఎనిమిది నిమిషాల్లో మన దగ్గరికి వచ్చేస్తుంది. పగలున్న వైపు షార్ట్‌వేవ్ రేడియో కాసేపు మూగబోతుంది. రెండోది ప్లాస్మా ముద్ద, తన అయస్కాంతాన్ని వెంటబెట్టుకుని సూర్యుడి నుంచి విడిపడి బయటికి వచ్చేది. దాన్ని సీఎమ్‌ఈ (కరోనల్ మాస్ ఇజెక్షన్) అంటారు. కోట్ల టన్నుల బరువు, సెకనుకు కొన్ని వందల కిలోమీటర్ల నుంచి రెండు మూడు వేల కిలోమీటర్ల దాకా వేగం. భూమిని చేరడానికి ఒకటి నుంచి మూడు నాలుగు రోజులు. పేపర్లలో ఈ రెంటినీ కలిపేసి రాస్తుంటారు. ధ్రువకాంతులకు కారణం రెండోది.

అసలు ఇవేవీ లేని రోజున కూడా సూర్యుడి నుంచి ప్లాస్మా నిరంతరం వీస్తూనే ఉంటుంది. సౌరగాలి. 1958లో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ పార్కర్ ఈ సంగతి రాసి పత్రికకు పంపితే, పరిశీలించిన ఇద్దరు పండితులూ ఇది చెత్త అన్నారు. ఆ పత్రిక సంపాదకుడు మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆయనకూ ఆ ఆలోచన నచ్చలేదు. కానీ గణితంలో తప్పు పట్టలేకపోయాడు, అందుకని అచ్చు వేశాడు. నాలుగేళ్లకు మెరైనర్-2 శుక్రుడి వైపు పోతూ దారిలో సౌరగాలిని స్వయంగా కొలిచింది. నచ్చనిదాన్ని అచ్చు వేయడానికి కూడా ఒక పెద్దరికం కావాలి.

ఇక ఈ ముద్ద భూమి దగ్గరికి వచ్చింది. ఇప్పుడేం జరుగుతుంది? చాలా పుస్తకాల్లో, యూట్యూబ్ వీడియోల్లో ఇలా చెబుతారు: సూర్యుడి కణాలు వస్తాయి, భూమి అయస్కాంతం వాటిని ధ్రువాల వైపు మళ్లిస్తుంది, అక్కడ గాలికి తగిలి వెలుగుతాయి. పిల్లలకు చెప్పడానికి బాగుంటుంది గానీ, అసలు జరిగేది అది కాదు. అలా అయితే ఎదురుగా, పగటి వైపే ఎక్కువ వెలగాలి కదా? మనం చూసే పెద్ద పెద్ద ధ్రువకాంతులు రాత్రి వైపు వెలుగుతాయి. పైగా సరిగ్గా ధ్రువం మీద కాదు, దాని చుట్టూ ఒక వలయంలా.

జరిగేది ఇదీ. భూమికి సూర్యుడి వైపున్న అయస్కాంత రేఖల దిశ ఉత్తరం. వచ్చే ముద్దలోని అయస్కాంతం కూడా ఉత్తరానికే ఉంటే, రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, ముద్ద చాలావరకు పక్కలకు జారిపోతుంది. ముద్దలోని అయస్కాంతం దక్షిణానికి ఉంటే మాత్రం రెండు రేఖలూ తెగి ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. 1961లో జేమ్స్ డంజీ చెప్పిన సంగతి ఇది. అతుక్కున్న రేఖలను సౌరగాలి భూమి వెనక్కి ఈడ్చుకుపోతుంది. వెనక, రాత్రి వైపున, లక్షల కిలోమీటర్ల పొడవున ఒక తోక ఉంటుంది. అక్కడ రేఖలు పోగుపడి, సాగి, చివరికి మళ్లీ తెగి అతుక్కుంటాయి. ఆ ఊపుకు ప్లాస్మా వెనక నుంచి భూమి వైపు దూసుకొస్తుంది. అందులోని ఎలక్ట్రాన్లు రేఖల వెంట కిందికి దిగుతూ దారిలో ఇంకా వేగం పుంజుకుని గాలిని తాకుతాయి. అప్పుడు వెలుగు. కొంత ప్లాస్మా భూమి చుట్టూ ఒక కరెంటు వలయంలా తిరుగుతుంది. ఆ కరెంటు పుట్టించే అయస్కాంతం భూమి అయస్కాంతానికి ఎదురు దిశలో ఉంటుంది. కొలాబాలో సూచిక పడిపోవడానికి పెద్ద కారణం అదే. ధ్రువాల దగ్గర పైన పారే కరెంట్ల గోల ఎక్కువ. మన అక్షాంశాల్లో ఆ గోల తక్కువ కాబట్టి ఈ వలయాన్ని తూచడానికి మన ప్రాంతం అనువైనది.

కాబట్టి ముద్ద ఎంత పెద్దది, ఎంత వేగం అన్నవి ఒక ఎత్తు. లోపలి అయస్కాంతం దక్షిణానికి ఉందా, ఉత్తరానికి ఉందా అన్నది ఒక ఎత్తు. నన్నడిగితే ఈ విద్యలో అసలు చిక్కంతా ఈ ఒక్క దిక్కు దగ్గరే ఉంది.

ఇక్కడ నార్వే ఆయన క్రిస్టియన్ బిర్కెలాండ్ గురించి చెప్పుకోకుండా ముందుకు పోకూడదు. 1892లో లార్డ్ కెల్విన్ అంతటి పెద్దమనిషి, రాయల్ సొసైటీ అధ్యక్షుడి హోదాలో, సూర్యమచ్చలకూ భూమి అయస్కాంత తుఫానులకూ సంబంధమేమీ లేదు, ఏదో కాకతాళీయం అనేశాడు. ఆ మాట అన్న కొన్నాళ్లకే బిర్కెలాండ్ ధ్రువకాంతుల వెంటపడ్డాడు. నార్వే ఉత్తరాన హాల్డే అనే కొండ మీద, 900 మీటర్ల ఎత్తున, రాతి గదులు కట్టించి 1899-1900 చలికాలమంతా మనుషులను పెట్టి కొలతలు తీయించాడు. అక్కడ చలికాలమంటే వారాల తరబడి సూర్యోదయం ఉండదు, గాలికి మనిషి నిలబడలేడు. బృందంలో ఒకాయన మంచుచరియ కింద పడి చనిపోయాడు.

తర్వాత ఆయన ప్రయోగశాలలో ఒక గాజు పెట్టె చేసి, అందులో గాలి తీసేసి, మధ్యలో, లోపల విద్యుదయస్కాంతం పెట్టిన ఒక చిన్న గోళాన్ని వేలాడదీశాడు. అదే బుల్లి భూమి. దాని మీదికి ఎలక్ట్రాన్లు వదిలితే, గోళం రెండు కొసల చుట్టూ రెండు మెరిసే ఉంగరాలు వచ్చాయి. ధ్రువాల దగ్గర, కానీ ధ్రువం మీద కాకుండా! అయస్కాంత రేఖల వెంట పైనుంచి కిందికి కరెంటు దిగుతుందని ఆయన చెప్పాడు. ఇంగ్లండ్‌లో సిడ్నీ చాప్‌మన్ వంటి గణితజ్ఞులు ఒప్పుకోలేదు, దశాబ్దాల తరబడి ఆయన మాట పక్కన పడింది. 1917లో టోక్యోలో చనిపోయాడు. 1960ల చివర, 70ల మొదట్లో అమెరికా నౌకాదళం ఉపగ్రహాలు ఆ ఎత్తున ఎగురుతూ ఆ కరెంట్లను పట్టుకున్నాయి. ఇప్పుడు వాటి పేరే బిర్కెలాండ్ కరెంట్లు. ఇంకో చిత్రం చెప్పాలి. ఈ పరిశోధనకు డబ్బు కోసం ఆయన విద్యుత్ ఫిరంగి ఒకటి కనిపెట్టి, 1903లో పెద్దమనుషుల ముందు ప్రదర్శన పెడితే అది షార్ట్ సర్క్యూట్ అయి భగ్గుమంది. పరువు పోయింది. కానీ ఆ మంటలోనే గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చే ఉపాయం దొరికింది. నార్స్క్ హైడ్రో అనే పెద్ద కంపెనీ దాని మీదే లేచింది. ధ్రువకాంతి పిచ్చి ఒకటి పొలానికి ఎరువైంది.

రంగుల సంగతికి వద్దాం. ఆకుపచ్చ, ఎరుపు రెండూ ఆక్సిజన్ పరమాణువు నుంచే వస్తాయి. ఎలక్ట్రాన్ దెబ్బ తగిలి పరమాణువు శక్తి పుంజుకుంటుంది, ఆ శక్తిని వెలుగుగా వదిలేయడానికి కొంత సమయం కావాలి. ఆకుపచ్చకు ముప్పావు సెకను పడుతుంది. ఎరుపుకు దాదాపు రెండు నిమిషాలు! పరమాణువుల లోకంలో రెండు నిమిషాలంటే యుగం. ఆలోగా పక్కనున్న ఇంకో అణువు వచ్చి తగిలిందా, శక్తి అటు పోతుంది, వెలుగు రాదు. 100, 150 కిలోమీటర్ల ఎత్తున గాలి పలచనే అయినా రెండు నిమిషాలు ఎవరూ తగలకుండా ఉండేంత పలచన కాదు. అందుకే అక్కడ ఆకుపచ్చ. 200 కిలోమీటర్లు దాటి ఇంకా పైకి పోతే పరమాణువు ఒంటరిది, దాని రెండు నిమిషాలు దానికి దొరుకుతాయి. అక్కడ ఎరుపు. బాగా కింద అంచున కనపడే గులాబీ, నీలి ఊదా నైట్రోజన్‌వి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు దీనిలోనే ఉంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి, 100 కిలోమీటర్ల ఎత్తున్న ఆకుపచ్చ వెలుగు సుమారు 1,100 కిలోమీటర్ల దూరం దాకే కనపడుతుంది. 400 కిలోమీటర్ల ఎత్తున్న ఎరుపు 2,200 కిలోమీటర్ల దూరం నుంచి కూడా దిగంతం మీద కనపడుతుంది. 2024 మే 10 రాత్రి లద్దాఖ్‌లోని హాన్లేలో భారతీయ ఖభౌతిక సంస్థ కెమెరాలు ఉత్తరం దిక్కున ఎర్రటి కాంతిని పట్టాయి. ఆకుపచ్చ లేదు. ఎక్కడో ఉత్తరాన వెలుగుతున్నదాని పైకొస మాత్రమే మనకు తేలింది. హైదరాబాద్‌లో దిగంతం మీదైనా కనపడాలంటే ఆ వెలుగు పామీర్ పర్వతాల నెత్తి మీదికి దిగిరావాలి. అసలు జరగదా అంటే, 1872 ఫిబ్రవరి 4 రాత్రి బొంబాయిలోనే ధ్రువకాంతి కనపడిందని ఆనాటి పత్రిక రాసింది. జరిగింది కాబట్టి జరగదని నేను చెప్పను.

కాంతి కనపడకపోయినా తుఫాను మన దగ్గరికి వస్తుందన్నాను. ఏం చేస్తుంది? మన పైన 80 కిలోమీటర్ల నుంచి అయానోస్ఫియర్, అంటే విద్యుదావేశం ఉన్న గాలి పొర, ఉంది. అయస్కాంత మధ్యరేఖ మన దేశం దక్షిణపు కొస మీదుగా పోతుంది. కేరళలోని తుంబాను రాకెట్ కేంద్రంగా ఎంచుకున్నదే అందుకు. మధ్యరేఖకు ఇరుపక్కలా అయానోస్ఫియర్ చాలా దట్టంగా ఉంటుంది, ఎప్పుడు ఎలా మారుతుందో చెప్పడం కష్టం. సూర్యాస్తమయం తర్వాత అందులో పెద్ద పెద్ద బుడగలు లేస్తాయి, జీపీఎస్ సిగ్నల్ వాటిలోంచి వచ్చేటప్పుడు తడబడుతుంది. మన ఫోన్‌లో మ్యాపు రెండు మీటర్లు అటూ ఇటూ అయితే నష్టం లేదు. విమానం దిగేటప్పుడు అయితే ఒప్పుకోం. విమానాల కోసం ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి జీపీఎస్ లెక్కను సరిదిద్దే గగన్ వ్యవస్థను కట్టినప్పుడు తలనొప్పంతా ఈ అయానోస్ఫియర్‌తోనే. ఈ రంగంలో విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి. రామచంద్రరావు గారి కాలం నుంచి పరిశోధన ఉంది. తిరుపతి దగ్గర గాదంకి రాడార్, 1024 యాంటెన్నాలు వరసగా పాతిన పొలం లాంటి మైదానం, అక్కడ ఈ పొరల కదలికనే చూస్తుంటారు. 2024 మేలో అమెరికాలో మొక్కజొన్న విత్తే రోజులు. సెంటీమీటర్ల లెక్కన జీపీఎస్‌తో నడిచే ట్రాక్టర్లు దారి తప్పుతుంటే రైతులు ఇంజిన్లు ఆపి కూర్చున్నారు.

కరెంటు గ్రిడ్డుకు వచ్చే కష్టానికి పాఠం 1989 మార్చి 13. కెనడాలోని క్యుబెక్. నేల కింద గట్టి రాయి, కరెంటును సరిగ్గా పారనివ్వదు. పైన వందల కిలోమీటర్ల హైటెన్షన్ లైన్లు. తుఫాను పుట్టించిన కరెంటు సులువైన దారి చూసుకుని లైన్లలోకి ఎక్కింది. ఒకటిన్నర నిమిషంలో మొత్తం గ్రిడ్డు కూలింది. అరవై లక్షల మంది తొమ్మిది గంటలు చీకట్లో, చలిలో ఉన్నారు. మన అక్షాంశంలో ఆ ప్రమాదం చాలా తక్కువ. ఇంకోటి, 2022 ఫిబ్రవరి 3న స్టార్‌లింక్ వాళ్లు 49 ఉపగ్రహాలు పంపారు. వచ్చింది ఓ మోస్తరు తుఫానే. కానీ తుఫానుకు పై గాలి వేడెక్కి ఉబ్బుతుంది, ఆ ఎత్తున రాపిడి పెరుగుతుంది. దాదాపు నలభై ఉపగ్రహాలు కక్ష్య నిలబెట్టుకోలేక వాతావరణంలో పడి కాలిపోయాయి.

మరి ముందే చెప్పలేమా? ఇక్కడ కోస్తా వాళ్లున్నారు. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టగానే వాయుగుండం, తుఫాను, తీవ్ర తుఫాను అని నాలుగైదు రోజుల ముందు నుంచే చెబుతారు, దారి పొడవునా ఉపగ్రహం కళ్లలో ఉంటుంది. సౌర తుఫాను అలా కాదు. బయల్దేరడం కనపడుతుంది, ఎప్పుడు రావచ్చో కొన్ని గంటలు అటూ ఇటూగా చెప్పగలం. లోపలి అయస్కాంతం ఏ దిక్కున ఉందో మాత్రం ఆ ముద్ద ఒక నౌకను తాకే దాకా నమ్మకంగా చెప్పలేం. ఆ నౌకలు ఎల్1 అనే చోట ఉంటాయి, మనకు 15 లక్షల కిలోమీటర్ల ముందు, సూర్యుడి వైపు. మన ఆదిత్య-ఎల్1 అక్కడే ఉంది. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయల్దేరింది. కొలాబా సూచిక పడిపోయింది కూడా సెప్టెంబరు 2నే. ఎవరూ చూసుకుని పెట్టిన ముహూర్తం కాదు లెండి. (నవ్వులు) 2024 జనవరి 6న చోటు చేరింది, మేలో తుఫాను వచ్చినప్పుడు అందులోని ఆస్పెక్స్ పరికరం సౌరగాలి వేగాన్ని, వేడిని కొలిచింది.

ఇప్పుడు లెక్క చూడండి. సెకనుకు 800 కిలోమీటర్ల వేగంతో వచ్చే ముద్ద ఎల్1 నుంచి మనల్ని చేరడానికి అరగంట. క్యారింగ్టన్ నాటి వేగమైతే పది నిమిషాలు చిల్లర. గ్రిడ్డు ఇంజినీరు చేతిలో ఉండే టైము అది. టెన్షన్ పడటానికి కూడా చాలదు. అందుకే సూర్యుడి మీద ముద్ద విడిపడేటప్పుడే దాని లోపలి దిక్కును ఊహించగలిగే పద్ధతి కోసం ప్రపంచమంతా కిందా మీదా పడుతోంది. ఆదిత్యలో కరోనాను, అంటే సూర్యుడి బయటి వాతావరణాన్ని, నిరంతరం చూసే పరికరం, వీఈఎల్‌సీ, పెట్టింది అందుకూ పనికొస్తుందనే.

కరోనాను చూడాలంటే ఒకప్పుడు సంపూర్ణ గ్రహణం రావాల్సిందే. 1868 ఆగస్టు 18న అలాంటి గ్రహణం మన గుంటూరు మీదుగా పోయింది. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో దిగి సూర్యుడి అంచున లేచే ఎర్రటి మంటలను, వెలుగును రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోపుతో చూశాడు. అవి వేడి హైడ్రోజన్ అని తేల్చి, గ్రహణం లేకపోయినా వాటిని చూడొచ్చని మర్నాడే చూపించాడు. ఆ గ్రహణం నాడు చూసినవాళ్లకు దొరికిన పసుపు గీత ఒకటి తర్వాత హీలియం అని తేలింది. గుంటూరు పేరు చెబితే మిర్చి ఒక్కటే గుర్తొస్తోంది మనకు. 1980 ఫిబ్రవరి 16 గ్రహణం గుర్తున్న పెద్దలు కూడా ఇక్కడ ఉండొచ్చు, తలుపులు మూసుకుని ఇళ్లలో కూర్చున్నారు చాలామంది. తలుపు తీసి ఉంటే కరోనా కనపడేది.

నేను ఆపుతాను, ప్రశ్నలు అడగండి.

విద్యార్థిని: సార్, అంత పెద్ద తుఫాను వస్తే మన ఫోన్లు పాడవుతాయా? మనుషులకు ఏమైనా అవుతుందా?

లేదమ్మా. ఈ కరెంట్లు పుట్టడానికి వందల కిలోమీటర్ల పొడవు తీగ కావాలి, నీ ఫోన్‌లో అంత తీగ లేదు. నేల మీదున్న మనకు గాలి పొర పెద్ద కవచం. ప్రమాదం వ్యోమగాములకు. 1972 ఆగస్టులో భీకరమైన తుఫాను వచ్చింది. అపోలో 16 ఏప్రిల్‌లో తిరిగొచ్చింది, అపోలో 17 డిసెంబరులో వెళ్లింది. సరిగ్గా మధ్యలో వచ్చింది కాబట్టి సరిపోయింది. చంద్రుడి మీద మనుషులున్నప్పుడు వచ్చి ఉంటే కథ వేరే. ఫోన్ పాడవకపోయినా, ఉపగ్రహాలు, కరెంటు దెబ్బతింటే ఫోన్ ఉండీ ఉపయోగం లేని రోజు రావచ్చు. అది వేరే సంగతి.

ఉపాధ్యాయుడు: టీవీలో సౌర తుఫాను రాగానే భూకంపాలు వస్తాయి, ఎండలు మండిపోతాయి అంటుంటారు...

అంటుంటారండీ. భూకంపాలకు సంబంధం ఉందని నమ్మదగిన రుజువు లేదు. మన రోహిణి ఎండలకు, దీనికి అసలే లేదు.

మరో విద్యార్థి: మళ్లీ ఎప్పుడు వస్తుంది సార్? మేం చూడగలమా?

తేదీ చెప్పలేం బాబూ. సూర్యమచ్చల ఈ 25వ చక్రం 2024లో గరిష్ఠానికి చేరింది. గరిష్ఠం దాటితే ఇక ఏమీ ఉండదనుకోకు. 2003 అక్టోబరు, నవంబరు తుఫానులు గరిష్ఠం దాటిన రెండు మూడేళ్లకు వచ్చాయి. మార్చి, సెప్టెంబరు నెలల చుట్టుపక్కల భూమి, సౌరగాలి అయస్కాంతాలు కలవడానికి అనువైన కోణంలో ఉంటాయి, ఆ రోజుల్లో అవకాశాలు కాస్త ఎక్కువ. మీ వాళ్లెవరైనా అమెరికాలో, కెనడాలో ఉంటే చెప్పండి: అయస్కాంత తుఫాను తీవ్రతను చెప్పే కేపీ సూచిక 0 నుంచి 9 దాకా ఉంటుంది, 8, 9 అని వార్త వస్తే ఊరి దీపాలు దాటి బయటికి వెళ్లమనండి. కంటికి బూడిదరంగు మబ్బులా అనిపించేది ఫోన్ నైట్ మోడ్‌లో ఎర్రగా, పచ్చగా వస్తుంది. హాన్లే వెళ్లేవాళ్లు కూడా అంతే. స్టాండు మీద కెమెరా, పది పదిహేను సెకన్ల ఎక్స్‌పోజర్, వెన్నెల లేని రాత్రి. ఉత్తరం వైపు కొండ అడ్డం లేని చోటు మాత్రం పగలే చూసిపెట్టుకోండి.